కొత్త లెన్సు బోణీ

భాస్కరం కొత్త లెన్సుకి కుంకుమ పెట్టి, ఒక పూటంతా స్వామి పటం ముందు ఉంచాడు. దాని బోణీ ఏదో ఒక పుణ్యకార్యంతో జరగాలని ఆయన పట్టుదల.

అది వెడల్పుగా చూసే లెన్సు. దగ్గర నిలబడినా ఇల్లూ, ఊరూ, ఆకాశమూ ఒక్క ఫొటోలో పట్టేస్తుంది. దాని ముందు బిగించే పోలరైజర్ కూడా కొన్నాడు. ఆ నల్లటి అద్దాన్ని చుట్టూ తిప్పితే నీటి మీది తళతళ తగ్గుతుంది, ఆకాశం నీలం ముదురుతుంది.

కాకినాడలో ఆయన స్టూడియో మెట్ల నీడన చేపల గంప దించుకునే అచ్చాయమ్మకి అప్పుడే ఒక ఫొటో అవసరపడింది. ఉప్పాడలో సముద్రం ఆమె వాకిట్లోకి వచ్చేసింది. అది కనపడేలా ఫొటో తెస్తే ఈ విడతలోనే వేరేచోట ఇంటి స్థలం ఇస్తామని తాసిల్దారు ఆఫీసులో చెప్పారు.

"డబ్బులేమీ వద్దు. మొదటి ఫొటో నీదే" అన్నాడు భాస్కరం.

ఇంట్లో భార్య సీతారామలక్ష్మి మాత్రం, "పెళ్లిళ్లకి వాడే పాత లెన్సు చాలదాండీ? ఆవిడకి కావలసింది ఇల్లూ, నీళ్లూ కనపడ్డమేగా!" అంది.

"బోణీ అంటే ఏమనుకున్నావే? మంచి పనికే వాడాలి."

ఉప్పాడలో ఆయన వాకిలికి ఇవతల నిలబడ్డాడు. ఎదురుగా ఇల్లు, దాని వెనక సముద్రం. అల వచ్చినప్పుడల్లా నీళ్లు గోడ పక్కనుంచి తిరిగి వాకిలంతా పల్చగా పరుచుకుంటున్నాయి. అచ్చాయమ్మ ఉతికిన చీర కట్టుకుని ఆ నీళ్లలో నిలబడింది.

"నవ్వమంటారా, ఏడవమంటారా అయ్యగారూ?"

"ఏదీ వద్దు. మామూలుగా ఉండు."

"కాళ్ల కింద ఇసక జారిపోతంటే మామూలుగా ఎలాగుంటానండి బాబూ!"

చూస్తున్నవాళ్లు నవ్వారు. భాస్కరం అద్దం తిప్పాడు. ఆకాశం చిక్కబడింది. ఇంకాస్త తిప్పాడు. ఆయన ఆకాశాన్నే చూస్తూ నొక్కాడు.

ఫొటో కడిగాక ఆయనకి ఒక్కటే లోపం కనపడింది. ఆకాశం నడుమ నీలం కమిలినట్టు నల్లబడి, రెండు పక్కలా పాలిపోయి ఉంది. అంత వెడల్పు ఆకాశంలో ఆ అద్దం అన్నిచోట్లా ఒకేలా పనిచెయ్యలేదు. అచ్చాయమ్మకి అదేమీ పట్టలేదు. కొంగులో చుట్టుకుని వెళ్లింది.

ఆఫీసు నుంచి తిరిగొచ్చి ఫొటో బల్ల మీద పెట్టింది.

"సముద్రం అల్లంత దూరాన ఉంది కదమ్మా అన్నారండి. వాకిట్లో నీళ్లేవీ, తడి ఇసకేగా అన్నారు. స్థలాలు వేరేవోళ్లకి ఇచ్చేశారంట."

భాస్కరం ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. నిజమే. వెడల్పుగా చూసే ఆ లెన్సు ఇంటి వెనకనున్న సముద్రాన్ని దూరంగా నెట్టేసింది. అద్దం వాకిట్లో నీళ్ల మెరుపు తుడిచేసింది. ఇల్లు ఎంతో క్షేమంగా ఉంది.

"తప్పు నాదే అచ్చాయమ్మా."

"ఆకాశం మాత్రం బాగా వచ్చిందిలెండి" అంటూ ఆమె గంప ఎత్తుకుంది.

ఆ సాయంత్రం సంధ్య వార్చి కూర్చున్నా ఆయన మనసులోకి ఏదీ రాలేదు. బాధ కూడా రాలేదు. మంచి జరగాలని చేసిన పని ఇలా ఎందుకయిందని స్వామిని అడుగుదామనుకున్నాడు. నోటి వెంట మంత్రం నడుస్తూనే ఉంది. అడగడం కుదరలేదు.

తెల్లవారి పాత లెన్సుతో ఉప్పాడ బస్సెక్కాడు. రాత్రి సముద్రపు పోటుకి ఆ ఇంటి గోడలు పడిపోయాయి. అచ్చాయమ్మ రోడ్డు పక్క కర్రలకి కట్టిన బరకం కింద గిన్నెలు సర్దుకుంటోంది. ఆయన్ని చూసి లేచి, వాకిలి ఉన్నచోటికి నడిచింది.

"తీయండయ్యగారూ. పై విడతకైనా పనికొత్తాది. ఎక్కడ నిలబడనండి?"

ఆయన చుట్టూ చూశాడు. ఎటు చూసినా నీళ్లే మెరుస్తున్నాయి.

"ఎక్కడైనా ఫరవాలేదు" అన్నాడు.