లాకరక్క

ప్రెస్సు బైండింగ్ సెక్షన్లో ఆమెని అందరూ లాకరక్క అంటారు. ఏటా స్టాఫంతా రిజర్వాయరుకి షికారు వెళ్ళినప్పుడు బ్యాగులూ ఫోన్లూ చెప్పులూ ఆమె ముందు కుప్పపోసి నీళ్ళ మీదకి పోతారు. "అక్కకి నీళ్ళంటే భయం" అని వాళ్ళలో వాళ్ళే తేల్చేసుకున్నారు. భయమేం లేదు. మొదటిసారి ఎవరో కాస్త చూస్తుండమంటే మొహమాటానికి సరేనంది. ఆ పని అలాగే మెడకి చుట్టుకుంది.

ఈసారీ చాప పరుచుకుని కూర్చుంది. జంటలు జంటలుగా అందరూ పెడల్ బోట్లు ఎక్కేశారు. కుట్టు మిషన్ దగ్గరి అమ్మాయిలిద్దరూ ఒడ్డు దాటకముందే కేకలు మొదలుపెట్టారు. ఆమె పక్కనున్న బోర్డు చదివింది. ఒకప్పుడు, డ్యాము కట్టకముందు, ఈ నది దాటలేక పెద్ద పెద్ద సైన్యాలే నెలల తరబడి ఈ గట్టున పడిగాపులు కాశాయట.

"నెలలేగా, అదృష్టవంతులు" అంది పైకే. తన మాటకి తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకుందామని పక్కకి తిరిగితే బ్యాగులు తప్ప ఎవరూ లేరు.

లేచి సామానంతా బస్సులోకి చేరేసి, డ్రైవరుకి అప్పజెప్పి, పడవలతని దగ్గరికి వెళ్ళింది.

"ఎంతమందమ్మా?"

"నేనొక్కదాన్నే."

"పెడల్ బోటు ఒక్కరికివ్వను. ఓ పక్కకి ఒరిగిపోయి గిరగిరా తిరుగుతుంది."

"ఒక్కళ్ళు వెళ్ళేది ఏదీ లేదా?"

అతను ఆమెని ఎగాదిగా చూసి, ఒక్కరే పట్టే సన్నటి పడవ, పసుప్పచ్చ కయాక్ ఒకటి నీళ్ళలోకి లాగాడు. లైఫ్ జాకెట్ బిగించి కట్టి, తెడ్డు ఎలా వెయ్యాలో చూపించాడు. "అదిగో, ఆ తేలే ఎర్ర డబ్బాలు దాటొద్దు. అవతల గాలి మన మాట వినదు."

కాసేపటికి చెయ్యి కుదిరింది. తెడ్డు పడ్డ చోటల్లా నీళ్ళు చల్లగా మోచేతిదాకా చిందుతున్నాయి. ఒడ్డున గోల సన్నబడింది. ఇంత పెద్ద నీళ్ళ మధ్య తానొక్కతే ఉంటే భయం వేయాలి. వేయలేదు. ఇంట్లో ఆదివారాలు ఇంతకన్నా నిశ్శబ్దంగా ఉంటాయి.

ఆ ధ్యాసలో ఎర్ర డబ్బాలు ఎప్పుడు దాటిందో తెలీలేదు. గాలి పక్కనించి కొట్టింది. తెడ్డు ఎంత వేసినా కయాక్ ఒడ్డుకి దూరంగానే పోతోంది. చివరికి ఒక రాళ్ళ దిబ్బకి తగిలి ఆగింది. దిగి, కయాక్‌ని పైకి లాక్కుని, ఒగర్చుకుంటూ కూర్చుంది.

అక్కణ్ణించి ఒడ్డు కనిపిస్తోంది. తమ వాళ్ళంతా తిరిగొచ్చి వరసగా నిలబడుతున్నారు. గ్రూపు ఫొటో. ఆమె రెండు చేతులూ ఎత్తి ఊపింది. అరిచింది. ఎవరో ఇటు తిరిగినట్టే అనిపించింది. కాదు, జుట్టు సర్దుకుంటున్నారు. ఫొటో అయిపోయింది. ఒకళ్ళు తగ్గారని ఎవరికీ తట్టలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. చూసేవాళ్ళు లేరు గనక గట్టిగానే ఏడ్చింది.

మోటారు బోటులో వచ్చింది పడవలతనే.

"చెప్పలేదామ్మా, దాటొద్దని?" అని కోప్పడ్డాడు. ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "పసుప్పచ్చది కనబడకపోయేసరికి నా గుండె జారిపోయింది."

"నా కోసమేనా, కయాక్ కోసమా?"

"రెంటి కోసమూ" అన్నాడతను. ఆమెకి నవ్వొచ్చేసింది.

ఒడ్డుకి రాగానే సూపర్‌వైజరు ఎదురొచ్చాడు. "ఎక్కడికి పోయావక్కా! బ్యాగులు కనబడక హడలి చచ్చాం."

"డ్రైవరు చెప్పలేదా?"

"చెప్పాడనుకో. అయినా నువ్వుండాలి కదా."

బట్టలు ఎందుకు తడిశాయని ఒక్కరూ అడగలేదు.

"వచ్చే ఏడు ఇంకెవర్నన్నా చూసుకోండి. నేను నీళ్ళ మీదుంటాను" అందామె.

జోకనుకుని కొందరు నవ్వారు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశారు. తిరుగు ప్రయాణంలో పక్క సీటు ఖాళీగానే ఉంది.

ఓ సెలూన్ పైనున్న తన గదికి చేరేసరికి భుజాలు పట్టేశాయి. తడి కుర్తా తలమీదుగా తియ్యబోతే చేతులు లేవలేదు. కాస్త పట్టి లాగేవాళ్ళుంటే క్షణం పని. రెండుసార్లు ప్రయత్నించి, "పో" అని కుర్తాని తిట్టి, అలాగే మంచం మీద వాలిపోయింది. కళ్ళు మూసుకుంటే ఒళ్ళింకా నీళ్ళ మీద ఊగుతున్నట్టే ఉంది.