ఎర్ర చుక్క బంతి

బావ కొట్టిన బంతి బావది కాదు.

ఆటకు ముందు ఎవరి బంతి మీద వాళ్ళు సిరా చుక్క పెట్టుకోవడం ఇద్దరికీ మొదటి నుంచీ అలవాటు. బావది ఎర్ర చుక్క, బావమరిదిది నీలం. పక్కవాడి బంతిని కొడితే గోల్ఫ్‌లో శిక్ష ఉంది. అంతకు మించి బావ వెక్కిరింత ఉంది. "కళ్ళు రిసెప్షన్‌లో డిపాజిట్ చేసొచ్చావా?" అని ఎంతమందిని ఏడిపించాడో లెక్కలేదు. అలాంటి మనిషి ఇప్పుడు నీలం చుక్క బంతిని ఎంచక్కా గాల్లోకి లేపాడు.

"చూశావురా? జెండా పక్కనే!"

బంతి జెండాకు ఎడంగా ఇసుక గుంటలో కూరుకుపోయింది.

"సూపర్ బావా," అన్నాడు బావమరిది. నోరు అలా అనేసింది.

ఆసుపత్రిలో అతన్ని అందరూ మత్తు డాక్టరు అంటారు. అక్క మొగుడు సర్జన్. ఈయన మత్తిస్తాడు, ఆయన కత్తి పడతాడు. ఒకే ఆపరేషన్ బల్ల దగ్గర ఇద్దరి జుట్టూ నెరిసింది. ఏడాదికోసారి అక్కతో కలిసి ఈ ఖరీదైన రిసార్టుకు రావడం ఆనవాయితీ. గది తలుపు తీస్తే పచ్చిక, పచ్చిక అంచున నల్లరాళ్ళు, రాళ్ళ కింద సముద్రం. ఇక్కడ ఆసుపత్రి మాట ఎత్తకూడదని అక్క ఆర్డరు.

ఎత్తకుండా ఎలా? నిన్నటి నుంచీ చూస్తున్నవన్నీ ఇప్పుడు ఒక్కటొక్కటే అతుక్కుంటున్నాయి. మెనూలో అచ్చుతప్పులు ఏరే బావ రాత్రి భోజనం దగ్గర "నువ్వేం తింటే నాకూ అదే" అన్నాడు. గది శుభ్రం చేసినవాళ్ళు కుర్చీ జరిపితే అక్క గబగబా పాత చోటికి లాగింది. మనిషిని చూడాలంటే బావ కోడిపుంజులా తల పక్కకు తిప్పుతున్నాడు. చూపు నడిమధ్యలో చెడినవాళ్ళు అలాగే పక్కచూపుతో నెట్టుకొస్తారు. డాక్టరుకు ఒకరు చెప్పాలా?

ఈమధ్య ఆపరేషన్లలో సన్నపని అంతా బావ తన కింద సర్జన్‌గా చేరిన చిన్న డాక్టరమ్మకే ఇస్తున్నాడు. "మీరెప్పుడు నేర్చుకుంటారమ్మా?" అంటూ. పెద్దరికం అనుకున్నారందరూ.

కానీ సోమవారం కేసు వేరు. స్కూలు టీచరమ్మ. మెడలో గడ్డ. దాని వెనకే మాటను మోసే నరం, దారప్పోగంత. అది తెగితే ఆవిడ గొంతు పోయినట్టే. "నేనే చేస్తానమ్మా" అని బావ ఆవిడకు మాటిచ్చాడు.

ఆట మధ్యలో అక్క టీ ఫ్లాస్కుతో బ్యాటరీ బండిలో వచ్చింది. బావ చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే మత్తు డాక్టరు గొంతు తగ్గించాడు.

"అక్కా, బావ కళ్ళు..."

అక్క కప్పు కింద పెట్టేసింది. "నేనూ అడిగాన్రా. ఉల్లిపాయలు తరిగే నీ కళ్ళు చూసుకో ముందు, అన్నారు."

"గట్టిగా అడగొచ్చుగా?"

"పెళ్ళినాటి నుంచి నా మాట ఎప్పుడు విన్నారు కనుక! నువ్వంటే ఆగుతారు."

ఆ మాట నిజమే. ఆపరేషన్ థియేటర్లో ఇద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఉంది. తలవైపు నిలబడి నాడి చూసే మత్తు డాక్టరు "ఆగు" అంటే కత్తి ఎక్కడిదక్కడే ఆగాలి. ఎందుకని అడగడం తర్వాతే. ఎంత చిరాకులో ఉన్నా బావ ఆ మాట ఏనాడూ జవదాటలేదు.

అయితే అది రోగి కోసం. ఇక్కడ ఆపాల్సింది బావనే. ఆయన చేతిలోంచి కత్తి లాక్కోవడం అంటే ఊపిరి లాక్కోవడమే. అక్క ఇంటి గడప కూడా దూరమైపోవచ్చు. నోరు మూసుకుంటే టీచరమ్మ నోరు మూతపడుతుంది. మత్తు డాక్టరుకు టీ చేదుగా తోచింది.

ఆటలో చివరి గుంటకు వచ్చారు. బంతి సముద్రపు పాయ మీదుగా అవతలి గట్టుకు పోవాలి. బావ బంతి పెట్టాడు, కాళ్ళు సర్దుకున్నాడు, కర్ర ఎత్తాడు.

"ఆగు బావా."

కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"ఏమైంది?" అచ్చం థియేటర్లో అడిగినట్టే అడిగాడు.

మత్తు డాక్టరు జేబులోంచి ఇంకో బంతి తీసి చాచాడు. "దీని మీద చుక్క ఏ రంగు?"

బావ తల ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. "ఎండ కొడుతోందిరా."

"మబ్బు పట్టింది బావా."

కింద అల ఒకటి రాళ్ళకు కొట్టుకుని వెనక్కి పోయింది. బావ కర్ర దించాడు.

"ఎప్పుడు కనిపెట్టావు?"

"పొద్దున నా బంతి కొట్టావుగా."

"మరి సూపరన్నావు?"

"అబద్ధం. ఇసుకలో పడింది."

"వెధవా!" అన్నాడు బావ. అంతలోనే ఆయన గొంతు దిగింది. "ఈ ఒక్కటీ చేసి చాలిద్దామనుకున్నాన్రా. ఆవిడకి మాటిచ్చాను."

"మాట నీది బావా. గొంతు ఆవిడది."

బావ సముద్రం వైపు తిరిగాడు. ఏం కనిపిస్తోందో ఏమో.

"చిన్న డాక్టరమ్మకి ఫోను కలుపు," అన్నాడు చివరికి. "అంకెలు అలుక్కుపోతున్నాయి."

మత్తు డాక్టరు కలిపి ఇచ్చాడు.

"అమ్మా, సోమవారం కేసు నేను చెయ్యడం లేదు. చూపు బాగాలేదు. నువ్వు చెయ్యగలవు... ఆఁ, టీచరమ్మకి ఇవాళే నేను ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్తా. ఆవిడ సరేనంటేనే. ఇంకొకర్ని చూసుకుంటానంటే ఆవిడిష్టం... నేనా? నేను లోపలికి రానమ్మా."

ఫోను తిరిగిచ్చేటప్పుడు ఆయన చెయ్యి రవ్వంతైనా వణకలేదు. బంగారంలాంటి చెయ్యి. మత్తు డాక్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

బావ మళ్ళీ కాళ్ళు సర్దుకున్నాడు. కర్ర ఎత్తి, కొట్టాడు. దెబ్బ కమ్మగా పలికింది.

"ఎటు పోయింది?"

"నీళ్ళలో."

"నిజంగా?"

"నిజంగానే బావా."

"హమ్మయ్య! నిజం చెప్పడం వచ్చిందిరా నీకు," అని బావ చెయ్యి చాచాడు. "ఇంకో బంతి ఇటియ్యి."

"నీదా, నాదా?"

"ఏదైతేనేం. చూసేది నువ్వేగా."