ఐలేశం వంతు

ముందు అంగీ విప్పారు. ఆ తర్వాతే అంబులెన్సుకు ఫోన్ చేశారు.

పుష్ప కళ్లారా చూసింది. నార్కట్‌పల్లి హైవే మీద కొత్తగా లేచిన ఆ పెద్ద మార్టులో, వెనక గోదాంలో, కందిపప్పు ప్యాకెట్లు కట్టే బల్ల దగ్గర నిలబడి ఉందామె. దసరా ముందు రోజులు. లారీ మీద లారీ దిగుతోంది. "ఇంకా పేర్చున్రి, ఇంకా పైకి పేర్చున్రి" అని మేనేజరు నరహరి పొద్దున్నుంచి ఒకటే తొందర. నెత్తికి మించి పేర్చిన నూనె డబ్బాల దొంతర ఒరిగి, ఒరిగి, ఐలేశం కాలు మీద కూలింది.

ఐలేశం ఆ గోదాంలో రిసీవింగ్ పని చేసేవాడు. వెనక షట్టరు దగ్గర నిలబడి, వచ్చిన సరుకును బిల్లుతో సరిచూసి, సంతకం పెట్టి లోపలికి తీసుకునే పని. ఆయన సంతకం పడకుండా ఆ దుకాణంలోకి అగ్గిపెట్టె కూడా రాదు.

ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. హమాలీలు ఉరికి డబ్బాలు లాగేశారు. నరహరి కూడా ఉరికొచ్చాడు. వచ్చినవాడు కాలు వంక చూడలేదు, చుట్టూ ఎవరున్నారో చూశాడు. సెక్యూరిటీ వాళ్లను పిలిచి, "ఆ అంగీ తీయున్రి" అన్నాడు. కంపెనీ పేరు కుట్టిన నీలం అంగీ. నొప్పికి మెలికలు తిరుగుతున్న మనిషి చేతులు పట్టి గుంజి దాన్ని విప్పారు. బనీను మీదే మోసుకుపోయి, గేటు దాటించి, రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద పడుకోబెట్టారు.

"సార్, గిదేంది సార్! లోపట వడ్డ మనిషిని బయటెందుకు పండవెడుతున్రు?" అంది పుష్ప.

"గాలి తగలాలె గదమ్మా," అన్నాడు నరహరి.

సాయంత్రానికల్లా మాట మారిపోయింది. ఐలేశం రోడ్డు మీద పడ్డాడన్నారు. ఏదో బండి గుద్దిందన్నారు. అసలు ఆయన మా మనిషే కాదు, ఏజెన్సీ మనిషి అని కంపెనీ అంది. ఆ పూట ఆయన డ్యూటీలోనే లేడని ఏజెన్సీ అంది. నల్లగొండ దవాఖానలో కాలికి రాడ్లు వేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ కాలు ఇక బరువు మోయదని డాక్టరు చెప్పాడు.

ఐలేశం పోచంపల్లి దిక్కు నుంచి వచ్చినవాడు. మగ్గం నడవక గోదాంకు వచ్చాడు. గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కాలి మగ్గాన్ని. ఇప్పుడు కాలు పోయింది కాబట్టి, వెనక్కి పోదామన్నా ఆయనకు మగ్గం లేదు.

మూడోనాడు నరహరి పుష్పను తన గదిలోకి పిలిచాడు.

"ఎంతదాక చదివినవ్ పుష్పా?"

"ఇంటర్ ఫేలు సార్."

"సాలు. సోమారం సంది రిసీవింగ్‌ల నిలవడు. కుర్సీ ఉంటది, ఫ్యాన్ ఉంటది. నెల జీతం, ఈఎస్ఐ కార్డు. నువ్వు దినకూలి గాదిగ, కంపెనీ మనిషివి."

"మరి ఐలేశమన్న వస్తె?"

"ఏ కాలు మీద వస్తడు?" నరహరి నవ్వాడు. మళ్లీ గొంతు తగ్గించాడు. "ఎవలన్న అడుగుతె రోడ్డు మీద వడ్డడని చెప్పు. అందరు చెప్పినట్టే. ఆలోచించుకో. ఒద్దంటె బలవంతమేం లేదు. నువ్వు గాకుంటె ఇంకొగలు."

ఆ సాయంత్రం పుష్ప కాలు ఒకచోట నిలవలేదు. అన్నం అడుగంటింది. వాకిలి ఊడ్చి, ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చింది. కిరాయి ఆటో నడిపే ఆమె పెనిమిటి గిరి సంగతి విని గంతేశాడు.

"ఇంక ఆలోచనేందే? నిలవడి నిలవడి నీ పిక్కలు రాళ్లయినయ్. కూసొవెడ్తం రమ్మంటున్రు."

"అది ఐలేశమన్న కుర్సీ."

"కుర్సీ మీద ఆయన పేరు రాసుందా?"

"పేరు లేదు గాని, దాని పక్కన నెత్తురు మరక ఇంకా ఉంది."

"నీకు గా పని ఒద్దు, పప్పు మూటలే మంచిగున్నయ్. గంతే గదా? నేను పగలంత ఆటో తోలి పెట్రోలుకే తోలినట్టయితాంది. నువ్వేమొ నెత్తురు మరకలు చూస్తున్నవ్," అని గిరి విసురుగా లేచిపోయాడు.

గిరి మాటలో తప్పేముంది? పుష్పకు ఆ పని కావాలి. నిజంగానే కావాలి. నెల తిరిగేసరికి ఇంత అని చేతిలో పడే బతుకు ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కావాలి కాబట్టే ఆమెకు కుదురు లేదు.

మర్నాడు పని దిగాక ఐలేశం కిరాయి గదికి పోయింది. ఆయన భార్య నాగులమ్మ గడపలోనే ఎదురొచ్చింది. సంగతి అప్పటికే ఆమెకు తెలుసు.

"చేస్తె చెయ్ పుష్పా. నిన్ను తిట్ట. నీది గూడ కడుపే," అంది. అని, లోపలికి పోయి గిన్నెలు గట్టిగా కడగడం మొదలుపెట్టింది.

ఐలేశం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తిడితే పడదామనే వచ్చింది పుష్ప. ఆయన తిట్టలేదు.

"కూల్‌డ్రింకుల లారీవోడు ఉంటడు సూడు, వాడు కింది వరుసల ఖాళీ డబ్బాలు వెట్టి తెస్తడు," అన్నాడు గోడకే చెబుతున్నట్టు. "పైవి చూసి సంతకం వెట్టకు. ఒక్కటన్న కిందికెల్లి గుంజి చూడు. నన్ను రెండుమాట్ల ముంచిండు."

పుష్పకు ఏడుపొచ్చింది. తన కుర్సీలో కూర్చోబోయేదానికి ఆ మనిషి పని నేర్పుతున్నాడు! అక్కడి నుంచి లేచి, బస్సు కూడా ఎక్కకుండా నడిచి ఇల్లు చేరింది.

ఆదివారం పొద్దున మామకు సద్ది తీసుకుని గుట్ట కిందికి పోయింది. మామ కురుమయ్యకు గొర్ల మంద ఉంది. ఆ రోజు మంద పెద్దదిగా కనబడింది. సగం జీవాల వీపు మీద ఎర్రరంగు గుర్తు. అది పక్క మంద కాపరి గుర్వయ్య గుర్తు.

"గుర్వయ్య జీవాలు నీ మందల ఎందుకున్నయ్ మామా?"

"వానికి జరమొచ్చి మంచం వట్టిండు."

"మరి నీకేమిస్తడు?"

కురుమయ్యకు ప్రశ్న అర్థం కాలేదు. ముద్ద నోటి దగ్గర ఆగింది. "ఏమిచ్చుడేందే? ఇయ్యాల నేను తోలుకొచ్చిన, రేపు సిద్దయ్య తోలుకొస్తడు. వంతు."

"రైతులు చేన్ల మంద వెట్టిచ్చుకుంటరు గదా, ఎరువుకు. ఆ పైసలు?"

"వాని జీవాలయి వానికే. నేనెట్ల తీసుకుంట? వాడు సచ్చిండా? పండిండు, గంతే."

పుష్ప నిలబడ్డచోటే నిలబడిపోయింది. "ఏమైందే? ఎండ వడ్డదా?" అని అడిగాడు మామ. ఆమె అప్పటికే చెప్పులు చేత పట్టుకుని రోడ్డువైపు నడుస్తోంది.

ఆ మధ్యాహ్నమే టీ హోటల్ వెనక రేకుల కింద గోదాం వాళ్లంతా కూడారు. ప్యాకింగ్ ఆడవాళ్లూ, హమాలీలూ. కూడడం కూడారు గాని, కూడంగానే కొట్లాట.

"గా కుర్సీల ఎవలు కూసున్నా వాళ్ల లారీ మేం దించం," అన్నాడు హమాలీల మేస్త్రి బాలస్వామి. "పుష్పయినా సరే, ఎవలయినా సరే."

ప్యాకింగ్‌లో అందరికంటే పెద్దది రాజమణి గయ్యిమని లేచింది. "పుష్ప ఒద్దంటె వాడు నన్నడుగుతడు. నేనైతె ఒద్దన. ఇప్పుడే చెప్తున్న. నా ఇంట్ల పొయ్యి నువ్వొచ్చి ముట్టిస్తవా బాలస్వామీ?"

"ఐలేశమన్న పొయ్యో?"

"గట్ల మనల్ల మనం కొట్టుకోవాల్నని వాడా నౌకరి తెచ్చిండు. గది నీకు సమజైతలేదు గాని, మీసాలు మాత్రం ఉన్నయ్."

ఆడవాళ్లు నవ్వారు. బాలస్వామి మీసం దువ్వబోయి చెయ్యి దించుకున్నాడు.

"నేను నిలవడ్త," అంది పుష్ప.

నవ్వులు ఆగిపోయాయి.

"నిలవడ్త, గాని నా పేరు మీద గాదు. ఐలేశమన్న వంతుకు. ఆయన సచ్చిండా? పండిండు. లేచేదాక పని ఆయనదే, జీతం ఆయనదే. మనం వంతులేసుకొని నిలవడుదం. నౌకరి మాత్రం ఎవలకీ ఒద్దు. లోపట వడ్డడని కంపెనీ ఒప్పుకోవాలె. దవాఖాన ఖర్చు కంపెనీదే. ఒప్పుకునేదాక ఒక్క డబ్బ లోపటికి రాదు."

"గొర్ల కాపోళ్ల లెక్కన?" అన్నాడు ఒక హమాలీ.

"ఆ, గొర్ల కాపోళ్ల లెక్కనే. గంత సోయి గూడ మనకు లేకపాయె."

"నువ్వు ఆడ నిలవడితె నీ కూలెట్ల?" బాలస్వామి అడిగాడు.

దానికి రాజమణి జవాబు చెప్పింది, విసుక్కుంటూనే. "ఆమె పప్పు మేం కట్టమా? తలా ఇన్ని కడితె అయిపాయె. గింత దానికి మస్తు సోంచాయిస్తున్నవ్." ఆమె గొంతులో ఇంకా కోపం ఉంది. ఆ కోపం ఇప్పుడు నరహరి మీదికి తిరిగిందని అందరికీ అర్థమైంది.

సోమవారం పొద్దున నరహరి కొత్త నీలం అంగీ మడత విప్పి పుష్పకు అందించాడు.

"ముందు ఐలేశమన్నకు తొడుగు సార్. ఒంటి మీదికెల్లి గుంజిన్రు గదా," అంది పుష్ప. అని, చీర కొంగు బొడ్లో దోపి షట్టరు దగ్గర నిలబడింది. కుర్సీలో కూర్చోలేదు.

మొదట పెరుగు లారీ వచ్చింది. డ్రైవరు కాగితం చాపాడు. "సంతకం వెట్టక్కా, ఎండెక్కితె పులుస్తది."

"నేను ఐలేశమన్న వంతుకొచ్చిన తమ్మీ. గది సారు ఒప్పుకుంటె వెడ్త. సారునడుగు."

నరహరి మొదట నవ్వాడు. తర్వాత అరిచాడు. గేటు బయటికి పొమ్మన్నాడు. ఆమె కదలకపోతే రాజమణి వైపు తిరిగాడు.

"రాజమణీ, నువ్వు రా. ఇగో, నౌకరి నీదే. ఇప్పుడే, ఈడనే!"

రాజమణి చేతులకంటిన పప్పు పొడి దులుపుకుంది. బాలస్వామి వంక చూసింది, పుష్ప వంక చూసింది. మెల్లగా నడిచి షట్టరు దగ్గరికొచ్చింది. రాజమణి మాట దాచే మనిషి కాదు, నౌకరి ఇస్తే ఒద్దననని అందరి ముందూ చెప్పింది కదా!

రాజమణి వచ్చి పుష్ప భుజానికి భుజం ఆనించి నిలబడింది.

"వచ్చిన సారూ. గాని ఇది ఐలేశం వంతు."

నరహరి హమాలీల్లో ఒకణ్ని పిలిచాడు. వాడొచ్చి రాజమణి పక్కన నిలబడ్డాడు. ఇంకొకణ్ని పిలిచాడు. వాడూ అంతే. పిలిచినకొద్దీ షట్టరు ముందు మనుషుల గోడ పెరిగింది. ఇక పిలవడం మానేశాడు. పిలవనివాళ్లు కూడా వచ్చారు.

మిట్టమధ్యాహ్నానికి లారీల వరుస హైవే ఎక్కింది. డ్రైవర్లు ఇంజన్లు ఆపి నీడన చేరారు. ఎవరో నాగులమ్మకు కబురు చెప్పారు. ఆమె వచ్చి గేటు ముందు, తన పెనిమిటిని పడుకోబెట్టిన చోటే కూర్చుంది. గిరి కూడా వచ్చాడు. ఆటో దూరంగా ఆపి, దిగకుండా, పోకుండా, హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

జీపు వచ్చింది. ఎస్సై దిగాడు.

"లీడర్ ఎవడ్రా?"

"లీడర్ పండిండు సార్, కాలిరిగి," అన్నాడు బాలస్వామి.

గుంపు గుంపంతా గొల్లున నవ్వింది. ఎస్సైకి ఆ నవ్వే కోపం తెప్పించింది. పుష్పనూ, రాజమణినీ, బాలస్వామినీ, మరికొందరినీ జీపులోకి తోశారు. జీపు కదులుతుంటే పుష్ప వెనక్కి తిరిగి చూసింది. తాము ఖాళీ చేసిన చోట్లోకి వేరేవాళ్లు జరిగారు. షట్టరు ముందు సందు లేదు.

ఠాణాలో నేల మీద కూర్చోబెట్టారు. మంచినీళ్లడిగితే కసిరారు. పోయిన నౌకరి గుర్తొస్తోంది, గిరి ముఖం గుర్తొస్తోంది, తలుపు చప్పుడైన ప్రతిసారీ లేవబోయి కూర్చుంటోంది. పొద్దు వాలుతుండగా నరహరి వచ్చాడు. ముఖం పీక్కుపోయింది. పైనుంచి మాట వచ్చిందన్నాడు.

"ఐలేశం సంగతి ఒప్పుకున్నరు. లోపట్నె వడ్డడని రాసిస్తరు. నౌకరి ఆయనదే, దవాఖాన ఖర్చు కంపెనీదే. మీ మీద కేసు గూడ ఉండదు. సరేనా? ఇగ లేవున్రి, లారీలు దించున్రి."

బాలస్వామి ఎగిరి లేచాడు. రాజమణి కళ్లు తుడుచుకుంది. పుష్ప గోడ పట్టుకుని లేస్తూ, పొద్దున అంత అరిచిన మనిషి ఇంత తొందరగా ఎందుకు దిగివచ్చాడా అనుకుంది. అప్పుడు నరహరి తన ఫోన్ ఆమె ముందుకు చాపి ఇంకొక మాట కలిపాడు.

"ఈ ఫోన్‌ల నల్లగొండోళ్లకు గూడ జర చెప్పు పుష్పా. లొల్లి ఆపమని. మనది అయిపోయింది గదా."

"నల్లగొండోళ్లెవరు?"

నరహరి నాలుక కరుచుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబుల్ ఆ మాట అందుకున్నాడు. "మీ సంగతి లారీ డ్రైవర్లు ఆడ చెప్పినట్టున్నరు. మీ కంపెనీదే, ఆడి దుకాణంల గూడ లారీలు ఆగినయంట. ఎవలో పెంటమ్మ వంతంట. ఎవలామె, మీ మనిషేనా?"

పుష్ప రాజమణిని చూసింది. రాజమణి బాలస్వామిని చూసింది. ఎవరికీ తెలియదు. ఎన్నడూ వినని పేరు.

"ఏమైందంట ఆమెకు?" పుష్ప అడిగింది.

"సామాన్ల లిఫ్టుల చెయ్యి ఇరికిందంట. పోయిన ఏడు."

నరహరి ఫోన్ ఇంకా చాపే ఉన్నాడు. అవతల ఎవరో ఆడమనిషి "హలో, హలో" అంటోంది. పుష్ప ఆ ఫోన్ తీసుకుంది. చెవికి పెట్టుకుంది.

"అక్కా, నేను నార్కట్‌పల్లి నుంచి పుష్పను. మా ఐలేశమన్నది ఒప్పుకున్నరు. మీ పెంటమ్మది ఒప్పుకున్నరా?"

అవతలి నుంచి వచ్చిన జవాబు ఆమెకొక్కదానికే వినబడింది. ఫోన్ నరహరి చేతిలో పెట్టి, లేచిన చోటే మళ్లీ కూర్చుంది.

"ఏమైంది? కూసున్నవేంది?" అన్నాడు నరహరి.

బాలస్వామి కొంచెంసేపు ఆమెను చూశాడు. తలుపు వంక చూశాడు. భుజం మీది తువ్వాల తీసి నేల దులిపి కూర్చున్నాడు. రాజమణి మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ, తిట్టుకుంటూ కూర్చుంది.

"పెంటమ్మది తేలనియ్ సారూ," అంది రాజమణి. "గప్పటిదాక ఇన్ని మంచినీళ్లు తెప్పియ్."