రొయ్యల డాక్టరింట్లో కుందేలు

విడవలూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలున్నవాళ్లు నన్ను డాక్టరన్న అంటారు. నేను డాక్టర్ని కాను. బీఎస్సీ ఎలాగో గట్టెక్కి, ఒక మేత కంపెనీ తరఫున బైకు మీద గుంట గుంటకూ తిరిగే మనిషిని. కానీ ఆ పిలుపు విన్నప్పుడు ఒక్కసారైనా "అట్టా అనబాకండి" అన్న పాపాన పోలేదు. పైగా ఎవరైనా లాజరస్ అని పేరు పెట్టి పిలిస్తే, వాళ్ల గుంటకు కాస్త ఆలస్యంగా వెళతాను.

నా గొప్పంతా చెక్ ట్రేలో ఉంది. గుంటలో మేత చల్లేటప్పుడు, అడుగున వల బిగించిన పళ్లెంలో కూడా కొంత మేత వేసి నీళ్లలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగితే రొయ్యలు ఎంత తిన్నాయో, ఏం విసర్జించాయో కనపడుతుంది. నేను కళ్లజోడు సర్దుకుని, ఆ పళ్లెంలోకి తొంగి చూసి, గొంతు బరువు చేసి చెప్పే మాట ఒకటే: "కడుపు చెడింది. మేత ఆపెయ్. పేగుకు రెస్ట్ ఇయ్." చాలాసార్లు తగ్గుతుంది. తగ్గితే నా వైద్యం. తగ్గకపోతే రైతు నా మాట సరిగ్గా వినలేదని తేల్చేస్తాను.

లిల్లీని పెళ్లి చేసుకున్నప్పుడు ఆమెతోపాటు ఒక కుందేలు కూడా మా ఇంటికి కాపురానికొచ్చింది. ఒళ్లంతా తెలుపు, పేరు కొబ్బరి. లిల్లీ నెల్లూరులో గది అద్దెకు తీసుకుని ఒక ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో కొనుక్కుంది. వాళ్లమ్మ చనిపోయిన ఏడాది ఆ గదిలో ఆమెకు తోడున్న ప్రాణి అదొక్కటే. ఇప్పటికీ లిల్లీ ఇంట్లో అడుగు పెట్టగానే ముందు దాన్నే పలకరిస్తుంది. నన్ను తర్వాత. అదేమో నేను దగ్గరికి వెళితే చాలు, వెనక కాళ్లతో నేలను టప్‌మని కొడుతుంది. ఒక కుందేలు మీద మగవాడు కుళ్లుకోవడమేమిటని అడగొచ్చు. కుళ్లుకున్నాను, ఏం చేయమంటారు?

వాళ్లక్క కాన్పుకని లిల్లీ మనుబోలు వెళుతూ నాకు అప్పగింతలు పెట్టింది.

"ఎండుగడ్డి ఎప్పుడూ దాని ముందర ఉండాలండీ. అదే దానికి అన్నం. ఆకుకూర కొంచెం, గింజల మేత చారెడు. బిస్కెట్లు మాత్రం పెట్టబాకండి. దానికేమన్నా అయితే నేను తట్టుకోలేను."

"మండలానికంతా మేత చెప్పేవాణ్ణి, నాకు చెప్తావా?" అన్నాను.

గడ్డి! గడ్డి తిని ఏ జీవి ఎదిగింది? వారం వారం వల విసిరి రొయ్యను తూకం వేసి, ఎదుగుదల చూసి మురిసిపోయే వృత్తి నాది. లిల్లీ తిరిగొచ్చేసరికి కుందేలును బొద్దుగా తయారుచేసి, మేనేజ్‌మెంట్ అంటే ఇదీ అని చూపించాలనిపించింది. గడ్డి పక్కకు నెట్టేశాను. నానబెట్టిన శనగలు, మొక్కజొన్నలు, అరటిపండు, చివరికి టీలోకి తెచ్చుకున్న బిస్కెట్లు. కొబ్బరి ఆబగా తింది. మొదటిసారి నన్ను చూసి కాలు కొట్టలేదు. స్నేహం కుదిరిందనుకుని నా బిస్కెట్లన్నీ దానికే పెట్టాను. కూరగాయల త్రాసులో కూర్చోబెట్టి తూకం కూడా వేశాను. పెరిగింది! ఫోటో తీసి దాచుకున్నాను.

తర్వాత ఒక ఉదయం చూస్తే గిన్నెలో వేసింది వేసినట్టే ఉంది. కొబ్బరి మూలకు పోయి, వీపు గూనిలా పెట్టుకుని కూర్చుంది. నేనేం తక్కువవాణ్ణా? గూట్లోంచి దాని పెంటికలు ఏరి చెక్ ట్రేలో పోసి పరిశీలించాను. మామూలుగా లావు శనగల్లా గుండ్రంగా ఉండేవి మిరియాలంత అయిపోయాయి. అవీ నాలుగైదే.

అదే సమయానికి మస్తానయ్య వచ్చాడు. మా పక్కింటి రైతు, నా మాట వేదమని నమ్మే కొద్దిమందిలో ఒకడు.

"ఏందన్నా, కుందేలుకు కూడా ట్రే పెట్టినావా?"

"కడుపు చెడింది మస్తానూ. పేగు పనిచేయడంలా."

"అబ్బ, చూసీ చూడంగానే చెప్పేస్తివే! మరి ఏం చేస్తావన్నా?"

ఆ "అబ్బ" అన్న మాటే నా కొంప ముంచింది. కళ్లజోడు సర్దుకున్నాను. గొంతు బరువు చేశాను.

"మేత ఆపేస్తా. పేగుకు రెస్ట్."

గిన్నె తీసేశాను. పక్కకు నెట్టిన గడ్డిని కూడా, ఒక్క పోచ మిగలకుండా, ఊడ్చి బయట పోశాను. సాయంత్రం లిల్లీ ఫోన్ చేసి అడిగితే "దివ్యంగా ఉండాది" అన్నాను. నయమయ్యాక చెబితే పేరొస్తుంది కదా అని.

మరుసటి ఉదయం ట్రే ఖాళీగా ఉంది. ఒక్క పెంటిక లేదు. కొబ్బరి అక్కడే, అదే మూలలో, కళ్లు సగం మూసుకుని పళ్లు పటపట కొరుకుతోంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. పొట్ట తాకబోతే కాలు కొడుతుందేమోనని చూశాను. కొట్టలేదు. నేనెవరో కూడా పట్టనట్టు ఉండిపోయింది. అప్పుడు భయం వేసింది. నా చేతిలో రొయ్యల పేగుకని వాడే ప్రోబయోటిక్ మందు సీసా ఉంది. మూత కూడా తీశాను. ఎందుకో లిల్లీ గొంతు గుర్తొచ్చి, సీసా పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాను.

"తింటా ఉండాదా?" అంది, హలో కూడా అనకుండా.

"లేదు. నేనే ఆపేసినా. నిన్నటినుంచి రెస్ట్ ఇచ్చినా."

అవతల పసిబిడ్డ ఏడుపు వినపడింది.

"తిననిదానికి మీరు ఆపేదేందండీ?" అంది. "అది రొయ్య కాదు. పేగు ఆగిపోద్ది. ఇప్పుడే నెల్లూరు తీసకపోండి. నేను బస్సెక్కతా ఉండా."

ఇంట్లో దొరికిన పెట్టె ఒకటే, రొయ్యల శాంపిల్స్ తీసుకెళ్లే తెల్ల థర్మోకోల్ పెట్టె. బెజ్జాలు పొడిచి, పాత టవల్ పరిచి, కొబ్బరిని కూర్చోబెట్టాను. మస్తానయ్య బండి తీశాడు. నేను వెనక కూర్చుని పెట్టెను పొట్టకు హత్తుకున్నాను. దారి పొడుగునా మూత సందులోంచి చూస్తూ, ప్రభువా, దీన్ని బతికించు, ఇంకెప్పుడూ డాక్టరన్న అని పిలిపించుకోను అని మొక్కుకున్నాను. మస్తానయ్య మధ్యలో వెనక్కి తిరిగి, "మేత ఆపితే తగ్గిపోద్దని నువ్వే గదన్నా చెప్పింది?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. అందుకే ఇంకా మండింది.

జంతువుల ఆసుపత్రిలో నా ఒంటి మీది వాసనకు, చేతిలోని పెట్టెకు, అక్కడున్న కుక్కలన్నీ ఒక్కసారిగా లేచాయి. "రొయ్యలు ఇక్కడ కొనరండీ" అన్నాడు కౌంటరు దగ్గర మనిషి. అక్కడి డాక్టర్ ఉష గారు మూత తీసి చూసి, వెంటనే లోపలికి తీసుకెళ్లారు. పొట్ట నొక్కి చూశారు, ఎక్స్‌రే తీశారు.

"ఎక్కడా అడ్డం పడలేదు, అదృష్టం. పేగు కదలిక ఆగింది, గాలి చేరింది. ఏం పెట్టారు?"

చెప్పాను. శనగలు దాకా ధైర్యంగా, బిస్కెట్ల దగ్గర గొంతు తగ్గించి.

"కడుపు బాగలేదని ఎప్పుడు గుర్తుపట్టారు?"

"నిన్న పొద్దున్నే మేడమ్. పెంటికలు చిన్నవైనాయి, మూలకు పోయింది. చూడంగానే గుర్తుపట్టినా."

"చాలామంది అది కూడా గుర్తుపట్టరు. మంచిది. మరి నిన్నే ఎందుకు తీసుకురాలేదు?"

మస్తానయ్య నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

"మేత ఆపేసినా మేడమ్."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కుందేలు పేగు నడవాలంటే లోపలికి పీచు పోతూనే ఉండాలండీ. తినకపోతే పేగు ఆగుతుంది, ఆగితే నొప్పి, నొప్పికి ఇంకా తినదు. పూట తినకపోయినా పరుగెత్తుకురావాలి" అంటూనే నొప్పికి సూది వేశారు, చర్మం కిందికి సెలైన్ ఎక్కించారు, పేగు కదలడానికి మందిచ్చారు. గడ్డిపొడి నీళ్లలో కలిపి, సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా ఎలా పట్టాలో చూపించారు. "వెచ్చగా ఉంచండి. పెంటిక పడిందా, గట్టెక్కినట్టే. పడకపోతే రేపు మళ్లీ తీసుకురండి. ఇప్పుడే మాటివ్వలేను."

మేము ఇంటికి చేరిన కాసేపటికే లిల్లీ వచ్చింది. చెప్పులు విప్పి, కొబ్బరిని ఒళ్లోకి తీసుకుని, సిరంజి అందుకుంది. బయట పోసిన ఎండుగడ్డిని చెత్తలోంచి ఏరి, దుమ్ము దులిపి తెచ్చి దాని ముందు పెట్టాను. కొబ్బరి వాసన కూడా చూడలేదు. ఆమె అలసిపోయినప్పుడల్లా సిరంజి నేను పట్టాను. నా తూకం ఫోటో గుర్తొచ్చి, ఫోన్ తీసి, అది చెరిపేశాను. దానికేమన్నా అయితే లిల్లీ నన్ను క్షమిస్తుందేమో. కానీ ఈ ఇంట్లోకి రాగానే ఎవరిని పలకరిస్తుంది?

తెల్లవారింది. నేను కొబ్బరిని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాను. లుంగీ మీద ఏదో జారినట్టయింది. చూస్తే పెంటిక! చిన్నది, వంకరది, ఎండిపోయినది. దాని వెనకే ఇంకొకటి.

"లిల్లీ! పడింది! రెండు పడినాయి!" అని అరిచాను. మస్తానయ్య గోడ దూకి వచ్చాడు. ఆ రెండింటినీ అరచేతిలో పెట్టుకుని వాళ్లిద్దరికీ చూపిస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత అందమైన శాంపిల్ చూడలేదు. ఆ గొడవకు చిరాకేసిందేమో, కొబ్బరి నా ఒళ్లోంచి దిగి, వెనక కాళ్లతో నేలను టప్‌మని కొట్టి, పోయి ఒక గడ్డిపోచ నోట కరిచింది. నిమ్మళంగా నమలడం మొదలుపెట్టింది.

లిల్లీ ఇంకో గుప్పెడు గడ్డి దాని ముందు వేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లింది. నేను తోమకుండా వదిలేసిన పాత గిన్నెలు, మొన్న వండి మూత పెట్టిన అన్నం చూసి ఉంటుంది. తిరిగొచ్చి నా ముందు నిలబడి, నిన్నటినుంచి మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"మీరు తిన్నారా?"

"లేదు. కడుపులో ఎట్టనో ఉండాది. అందుకనే..."

"ఆపేసినారా?" అంది.

తలూపాను. ఆమె మనుబోలు నుంచి తెచ్చిన సంచి విప్పి, పొట్లంలోని ఇడ్లీ తుంచి, నా నోటి పక్కనుంచి, అచ్చం కొబ్బరికి పట్టినట్టే, లోపలికి తోసింది.