అమ్మ గదిలో గొంతు

మా ఆయన ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూస్తారు, ఇంటికొచ్చి వాటి మీద ఉపన్యాసాలిస్తారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక అమ్మ మా ఇంటికి వచ్చింది. వస్తూ తన పాత ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకుంది. ఆయన దాన్ని తెరిచి చూసి, ఇంట్లో దొంగలు పడ్డట్టు ముఖం పెట్టారు. అందులోని విండోస్ ఏ కాలందో. కంపెనీవాళ్ళు దానికి అప్‌డేట్లు ఇవ్వడం ఎప్పుడో మానేశారట.

"దీంతో నెట్‌లోకి వెళ్ళడమంటే వీధి తలుపు బార్లా తీసి నిద్రపోవడమే అత్తయ్యగారూ," అన్నారు.

"నా దగ్గర దోచుకోవడానికి లెక్కలు తప్ప ఏమున్నాయండీ," అంది అమ్మ.

నిజంగానే అందులో ఉన్నవి లెక్కలే. అమ్మ బడిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. పిల్లల కోసం పొడుపు లెక్కలు తయారుచేసి, అన్నీ కలిపి పుస్తకం వేయాలని కూర్చుని టైపు చేసుకుంటోంది. పడిపోయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా పక్క మంచం ఆవిడకి లెక్క ఇచ్చి, జవాబు వచ్చేదాకా ఆవిడని ఊపిరి పీల్చుకోనివ్వలేదు. ఆ తెలివి చూసుకుని అమ్మకి కాస్త గర్వం. నాకు అంతకంటే ఎక్కువ గర్వం.

ఇక మా ఇంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ గొడవ మొదలైంది. కొత్త విండోస్ వేద్దామంటే ఆ ముసలి మిషన్ మోయలేదు. ఆపిల్ కొందామంటే ఆయన లెక్కలేసి నిట్టూర్చారు. విండోస్ బదులు లినక్స్ అయితే ఉచితం, భద్రం, పాత మిషన్ మీద కూడా చక్కగా నడుస్తుంది. కానీ అందులోనూ బోలెడు రకాలట. ప్రతి సెలవు రోజూ ఒక రకం వేయడం, నచ్చక తీసేయడం. అమ్మ ఒక రకానికి అలవాటు పడేలోపల తెర ఇంకో రంగులోకి మారిపోయేది. పంపకానికి కూర్చున్న పెద్దమనుషుల్లా ఇద్దరూ రోజూ దాని ముందు కూర్చునేవాళ్ళు. అమ్మ ఆయనకి తాళాలాయన అని పేరు పెట్టింది. చివరికి పెద్ద అక్షరాలతో ఒక లినక్స్ కుదిరింది. దానికి ఆయన రైలంత పాస్‌వర్డ్ పెట్టారు. అమ్మ దాన్ని ఒక్కసారి విని గుర్తుపెట్టుకుంది.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున నర్సు వచ్చి అమ్మకి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, మధ్యాహ్నం తిండి పెట్టి వెళ్ళిపోతుంది. సాయంత్రం నేను వచ్చేదాకా అమ్మ ఒక్కతే. ఆ భయంతో నేను ఒక కెమెరా కొన్నాను. ఫోన్‌లో చూడొచ్చు, అక్కణ్ణుంచే మాట్లాడొచ్చు, మెడ అటూ ఇటూ తిప్పొచ్చు. ఆయనతో చెబితే ఏ కెమెరా మంచిదో తేల్చడానికి ఇంకో యజ్ఞం మొదలుపెడతారు. అందుకే నేనే తెచ్చి, అమ్మ గదిలో బీరువా మీద పెట్టి, ఫోన్‌కి కలిపేసుకున్నాను. పాస్‌వర్డ్ మార్చమని ఫోన్ అడిగింది. తర్వాత అని నొక్కాను.

మా ల్యాబ్‌లో అంతే. ప్రతి మిషన్‌కీ కంపెనీవాడిచ్చిన పాస్‌వర్డే, మిషన్ పక్కనే స్టిక్కర్ మీద ఉంటుంది. షిఫ్టు మారినప్పుడల్లా ఒకళ్ళనొకళ్ళు అడుక్కోనక్కర్లేకుండా ఎవరూ దాన్ని మార్చరు. ట్యూబు మీద పేరు రెండుసార్లు చదవందే సూది ముట్టని నేను, పాస్‌వర్డ్ అనేదాన్ని ఏనాడూ లెక్కచేయలేదు.

ఆయన సాయంత్రం వచ్చి బీరువా పైకి చూశారు. "పాస్‌వర్డ్ మార్చావా?" అన్నారు.

"ఆ, ఆ, మార్చాను," అన్నాను, స్టవ్ దగ్గర నుంచే. మళ్ళీ ఉపన్యాసం వినే ఓపిక లేక అన్న మాట అది.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. ట్యూబుకీ ట్యూబుకీ మధ్య ఫోన్ తీసి అమ్మని చూసుకునేదాన్ని. "అమ్మా, నీళ్ళు తాగావా?" అని అడిగితే అమ్మ బీరువా వైపు చూసి చెయ్యి ఊపేది. తర్వాత ఒక సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి అమ్మ, "మధ్యాహ్నం దాన్లోంచి ఈల వేసిందెవరు? నువ్వైతే కాదు," అంది.

నవ్వేశాను. బయట ఎవరో వేసి ఉంటారన్నాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ అంది. గ్లాసు అందక చెయ్యి చాపుతుంటే దాన్లోంచి ఎవరో నవ్వారట. మరోసారి, లేచి కూర్చోబోతుంటే "జాగ్రత్త ముసలమ్మా" అన్నారట. మగగొంతట.

"దాన్లోంచి నేను తప్ప ఎవరూ మాట్లాడలేరమ్మా. అది నా ఫోన్‌లో ఉంది," అన్నాను.

"మరి మాట్లాడారే."

"నిద్రలో విని ఉంటావు."

"నేను నిద్రపోలేదు. లెక్క చేసుకుంటున్నాను."

చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినకపోతే విసుక్కున్నాను. ఆయన ఒకసారి, కెమెరా నేను చూస్తాను ఇలా ఇవ్వు అన్నారు. ఇచ్చి ఉంటే నా అబద్ధం అక్కడికక్కడే బయటపడేది. ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. "మా అమ్మకి మతి తప్పుతోందని నేను ఏడుస్తుంటే మీకు మిషన్ల గొడవేనా?" అన్నాను. పాపం, నోరు మూసుకున్నారు. అదివరకు నాకే నమ్మకంగా తెలియని మాట, అమ్మకి మతి తప్పుతోందన్న మాట, నోటివెంట వచ్చేసరికి నిజమైపోయింది.

అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చక్రాల కుర్చీలో అమ్మ నా పక్కనే ఉంది. అమ్మ అక్కడ లేనట్టే డాక్టరుతో, "ఈవిడకి గొంతులు వినిపిస్తున్నాయండీ," అన్నాను. ఈ వయసులో, పెద్ద ఆపరేషన్ తర్వాత అలా జరుగుతుందన్నారు ఆయన. ఆ సమయంలో ఇంట్లో నిజంగా ఎవరైనా ఉంటారా, టీవీ, రేడియో లాంటివి మోగుతుంటాయా అని మరీ మరీ అడిగారు. ఏమీ లేవని గట్టిగా చెప్పాను. కెమెరా సంగతి నా తలలోకే రాలేదు. ఆయన ఒక మాత్ర రాసిచ్చారు.

తిరిగొచ్చాక అమ్మ, "ఆ ల్యాప్‌టాప్ అక్కణ్ణుంచి తీసెయ్," అంది.

"ఎందుకమ్మా, పుస్తకం సగంలో ఉందిగా?"

"తల సరిగా లేనిదాన్ని, పిల్లలకి లెక్కలేమిస్తాను? ఒక్క జవాబు తప్పు పోయినా వాళ్ళు తమదే తప్పనుకుంటారు."

తీసి లోపల పెట్టాను. అలా అనకు అని కూడా అనలేదు.

ఆ మాత్రకి అమ్మ ఎప్పుడూ మగతగా ఉండేది. తినిపిస్తుంటే నోట్లో ముద్ద ఉండగానే కళ్ళు మూసేది. కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతుంటే దగ్గరికెళ్ళి విన్నాను. పదిహేడో ఎక్కం. మధ్యలో ఆగిపోయి, మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ అక్కడే ఆగిపోతోంది. తన తెలివి ఎంత మిగిలిందో తనే చూసుకుంటోంది. అది విని నాకేమనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మందు ఇంకాస్త పెంచాలేమో, డాక్టరునడగాలి అనుకున్నాను.

నాకు సెలవు దొరికిన మధ్యాహ్నం అది. అమ్మకి మాత్ర ఇచ్చి, నిద్ర పట్టాక మెల్లగా పక్కకి ఒత్తిగిల్లించి, తడిసిన నైటీ తీసి, దుప్పటి మారుస్తున్నాను. వెనక నుంచి ఎవరో అన్నారు.

"మళ్ళీ పడుకోబెట్టేశావా?"

కుర్రగొంతు. తాపీగా, నవ్వుతూ, రోజూ వచ్చిపోయే మనిషిలా. వెనక్కి తిరిగేసరికి బీరువా మీది కెమెరా మెడ తిప్పుకుని నన్నే చూస్తోంది.

ముందు దుప్పటి లాగి అమ్మ మీద కప్పాను. తర్వాత స్టూలెక్కి వైరు పీకాను. దిగి ఆ స్టూలు మీదే కూలబడ్డాను. వేరే నైటీ తొడిగినా అమ్మ లేవలేదు. ఇన్నాళ్ళూ అమ్మ చెప్పిన ప్రతి మాటా ఒక్కొక్కటే వచ్చి నా చెంప మీద కొట్టినట్టయింది. ఈల, గ్లాసు, ముసలమ్మా.

ఫోన్ చేస్తే ఆయన ఆఫీసు వదిలేసి వచ్చారు. కెమెరా కింద కంపెనీ పాస్‌వర్డ్ ఉన్న స్టిక్కరు చూశారు, ఫోన్ చూశారు. అరవలేదు. "మార్చానన్నావుగా," అన్నారు. అంతే. ఆయన అరిచి ఉంటే ఎదురు అరిచేదాన్ని. ఆ ఒక్క ముక్కకి తల కొట్టేసినట్టయింది.

ఇలాంటివాటి కోసం నెట్ అంతా గాలించేవాళ్ళుంటారట. కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరా దొరికితే అదే వాళ్ళకి కాలక్షేపమట. ఎవరో, ఏ దేశమో కనుక్కోవడం కష్టమన్నారు. ఫిర్యాదు మాత్రం చేద్దామన్నారు. "ల్యాప్‌టాప్ జోలికి ఎవరూ పోలేదు," అని కూడా అన్నారు. అని, ఆ మాట అన్నందుకు ఆయనే తలదించుకున్నారు.

డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మాత్ర ఒక్కసారిగా ఆపకండి, సగం చేసి ఇవ్వండి, రేపు ఆవిడని తీసుకురండి అన్నారు.

"అత్తయ్యగారికి చెప్పొద్దు," అన్నారు మా ఆయన. "కెమెరా పాడైందని చెబుదాం. గొంతు ఎలాగూ ఆగిపోతుంది. మందుతో నయమైందనుకుంటారు. ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, అన్నీ దాని ముందేగా జరిగాయి. ఎవడో చూశాడని తెలిస్తే ఆవిడ తట్టుకోలేరు."

ఆయన అమ్మ మంచి కోరే అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ పరువు కోసమని పైకి అనుకున్నానుగానీ, సగానికి సగం నా ముఖం దాచుకోవడానికి దారి దొరికిందన్న సంతోషం. సరే, అలాగే చెబుదాం అన్నాను.

సాయంత్రం అమ్మకి మెలకువ వచ్చింది. బీరువా పైన ఖాళీగా ఉండటం చూసింది. "పాడైందమ్మా, తీసేశాం," అన్నాను. అబద్ధం చక్కగానే వచ్చింది.

అమ్మ తలూపింది. "ఇవాళ నాకేమీ వినపడలేదు," అంది. "మందు పనిచేస్తున్నట్టుంది. ఇక ప్రాణం పోయేదాకా వాడాలేమో కదా? వాడతాలే. నువ్వు భయపడకు. నాకిలా అయిందని నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు."

నన్ను ఓదారుస్తోంది. ఇక నావల్ల కాలేదు. మంచం పక్కన కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. పాస్‌వర్డ్ మార్చకపోవడం, మార్చానని ఆయనతో అబద్ధం చెప్పడం, మధ్యాహ్నం ఆ గొంతు నేనే వినడం, ఇప్పుడు పాడైందని చెప్పడం. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

అమ్మ బీరువా మీది ఖాళీ చోటు వైపు చూసింది.

"అయితే ఈల నిజమే?" అంది.

"నిజమే అమ్మా."

"నవ్వడం కూడా?"

"అన్నీ నిజమే."

అమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "అమ్మయ్య," అంది నెమ్మదిగా. ఆ తర్వాత అమ్మ చెయ్యి దానంతటదే దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది. "అంతా చూశాడా?"

"చూసే ఉంటాడమ్మా."

గోడవైపు తిరిగిపోయింది. నేను దుప్పటి అంచు పట్టుకుని ఏడ్చాను, క్షమించమన్నాను. ఆయన గుమ్మంలోంచే, "నేనైనా చూడాల్సింది అత్తయ్యగారూ," అన్నారు.

"మీరు అడిగారు, ఇది అబద్ధం చెప్పింది. మీరేం చేస్తారు," అంది అమ్మ గోడవైపు నుంచే. తర్వాత నావైపు తిరిగింది. కోపం లేదు. బోర్డు ముందు లెక్క తప్పిన పిల్లని అడిగినట్టు మామూలుగా అడిగింది.

"వాడెవడో పరాయి వెధవ. నేనెవరో వాడికి తెలియదు. వాడి సంగతి వదిలెయ్. నీతో నేనెప్పుడైనా లేనిది ఉన్నట్టు చెప్పానా?"

"లేదమ్మా."

"మరి అన్నిసార్లు చెబితే ఒక్కసారైనా ఎందుకు నమ్మలేదు?"

ముసలిదానివి కాబట్టి అన్నదే అసలు జవాబు. అది ఆమె ముఖం చూస్తూ ఎలా అనను? అనకపోయినా అమ్మకి అర్థమైంది. మళ్ళీ గోడవైపు తిరిగింది.

బట్టలు మార్చే వేళయింది. ఉతికిన నైటీ తెచ్చి, రోజూలాగే దుప్పటి తీయబోయాను. అమ్మ దుప్పటి వదల్లేదు.

"అక్కడ పెట్టి వెళ్ళు," అంది. "పొద్దున నర్సు వస్తుందిగా, ఆవిడ మారుస్తుంది."

నైటీ మంచం అంచున పెట్టి, తలుపు దగ్గరికి వేసి బయటికొచ్చాను.