నీటిగొట్టపు పిలుపు

కార్తికమాసపు ప్రాతఃకాలము. రాత్రియెల్లను తీరముతో ముచ్చటలాడి అలసిన సముద్రము నిద్రపోవు శిశువువలె సన్నని ఊర్పులు విడుచుచుండ తూర్పుదిక్కున పుట్టిన కుంకుమరేఖ యొకటి మంచుతెరల నడుమ తడబడుచు విశాఖపట్టణపు కొండకొమ్ములను తాకి అచ్చటినుండి మెల్లగా దిగి కడలి కెదురుగా నిలిచిన విద్యాలయ గ్రంథాలయసౌధపు అద్దపుగోడలపై వ్రాలెను. వ్రాలిన యా వెలుగు లోనికి పోజాలకపోయెను. ఋతువు మారినది మొదలు గాలి మోసికొనివచ్చిన ఉప్పుధూళి గాజుపలకలనిండ పాలమీగడవలె పేరుకొనుటచే నాలుగంతస్తుల యా సౌధము కన్నులు తెరువక యింకను కలగనుచున్నట్లుండెను.

ఆ మసకను కడిగి వెలుగునకు త్రోవ యిచ్చుటయే దాలినాయునికిని అతని బావయగు తవిటయ్యకును జీవనవృత్తి. సౌధము వెనుకటి నీడలో వారి వ్యాను నిలిచియుండెను. అందు శుద్ధజలపూర్ణమైన టాంకును పంపును బండిచక్రమంత రీలును ఆ రీలునుండి వెలువడు పసుపుపచ్చని సన్నగొట్టమును ఉండెను. గొట్టపుకొనను పొడవైన కర్రకు తగిలించి కర్రతలనున్న బ్రష్షునుండి నీరు చిమ్ముచుండ నేలపై నిలిచియే పైయంతస్తుల గాజులను తోముట తవిటయ్య పని. రీలుకడ నుండుట దాలినాయుని పని.

చూచువారికి రీలుకడి పని పనిగా తోచదు. కాని గొట్టము అలిగిన చుట్టమువంటిది. బలముగ లాగిన మెలికపడును. పట్టించుకొనక విడిచిన కాళ్లకడ్డము పడును. ప్రొద్దుటనే దానిని రీలునుండి తుదికంట విప్పి పచ్చికపై పెద్దపెద్ద వలయములుగా పరవవలెను. మూలమలుపున గోడయంచు ఒరయకుండ గోనెపట్ట అడ్డమిడవలెను. కర్రపట్టినవాడు ముందునకు సాగిన విడువవలెను. మరలిన తీసికొనవలెను. ఇదంతయు మలుపున కావలనున్న మనుష్యుని చూడకయే అరచేతికి తెలియు బిగువునుబట్టి చేయవలెను.

పంపుహోరులో కేకలు వినబడవు కావున వారికి గొట్టమే మాట. ఒకమారు కుదిపిన విడువుమని యర్థము. రెండుమారులు కుదిపిన రమ్మని. ఈ సంకేతమును కనిపెట్టినది తవిటయ్య భార్యయు దాలినాయుని అక్కయు నగు సూరీడమ్మ. బ్రతికియున్నన్నాళ్లు రీలుకడ నామెయే నిలిచెడిది. మధ్యాహ్నము అన్నపుగిన్నె మూత తీసి గొట్టమును రెండుమారులు మెత్తగా కుదిపెడిది. ఎంత యెత్తున నున్న గాజునైనను సగములో విడిచి తవిటయ్య వచ్చెడివాడు. పోయిన వేసవిలో ఆమె జ్వరముచే కన్నుమూయగా పాలకొండనుండి తమ్ముడు వచ్చి ఆ చోట నిలిచెను.

నిన్నటిదాక నిలిచెను. నిన్న ఎవరో కారు తెచ్చి చక్రము సరిగ గొట్టముపై నాపి పోయిరి. నీరు నిలిచెను. నీరందని బ్రష్షు పొడిగాజుపై కీచుమనెను. తవిటయ్య మండిపడుచు మలుపు తిరిగి వచ్చెను.

"కన్నులు ఏ అంగడిలో అమ్ముకొంటివిరా? కారు వచ్చుట కానరాలేదా?"

"కనబడినది బావా. పొమ్మంటిని. కారు నీ బావమరిది కాదుగదా నోరెత్తక మాట వినుటకు."

నవ్వవలసిన మాటయే. సూరీడమ్మ యున్నచో ముగ్గురును నవ్వియుందురు. కాని ఆనాడు తవిటయ్యకు నవ్వు రాలేదు. "మీ అక్క పోయిన పిమ్మట నీకును నాకును బావ యేమి బావమరిది యేమి! పనివాడవు పనివానివలె నుండుము" అనెను.

అనిన పిదప తవిటయ్య ముఖము వెలవెలబోయెను. జారిన మాటను చుట్టి తెచ్చు రీలు లోకమున లేదు. ఆ రాత్రి ఇరువురును తలయొకమూల పండుకొనిరి. వండిన కూడు వండినట్లే యుండెను. తెల్లవారగనే దాలినాయుడు గుడ్డలసంచియు దారిలో తినుటకు దిబ్బరొట్టెలపొట్లమును వ్యానులో పెట్టి "సముద్రపువైపు గోడ ముగియగనే నేను పాలకొండబస్సెక్కుదును" అని గాలితో చెప్పినట్లు చెప్పెను. తవిటయ్య కర్ర భుజమునకెత్తుకొని మలుపు దాటిపోయెను.

ఇప్పుడు దాలినాయుడు గొట్టమును అరచేతులనుండి జారవిడుచుచు కూర్చుండెను. నీరు పారు గొట్టము అతని చేతిలో నాడివలె సన్నగా కొట్టుకొనుచుండెను. ఆ స్పందనముతో పాటు తలపులును పారెను. పరికిణీ కట్టిన దినములలో అక్క చింతతోపులో పాటలు పాడుట తనకు మాత్రమే తెలియును. గృహిణియై నిద్రలో ఏమి తలచుకొని నవ్వెడిదో బావకు మాత్రమే తెలియును. తాను బస్సెక్కిన పిదప అక్క సగము పాలకొండకు పోవును. సగము ఇచ్చట మిగులును. ఆ రెండును కలిసి అక్కయగు చోటు ఈ భూమిపై మరి యుండదు. అయినను పిలువని యింట నిలుచుటెట్లు?

అట్లు తలపోయుచుండ మలుపుకడ గొట్టము కదలెను. దాలినాయుడు తలయెత్తి చూచెను. మెట్టతామరల మాటున నుండి వచ్చిన కుక్కపిల్ల యొకటి పసుపుపచ్చని యా గొట్టమును నోటకరచి తోక యాడించుచు ఒకమారు లాగెను. పట్టు చాలక మరియొకమారు లాగెను. అదలింపబోవునంతలో ఆవలినుండి పరువిడు అడుగులచప్పుడు వినవచ్చెను. కుక్కపిల్ల బెదరి పొదలలో దూరెను.

తవిటయ్య వచ్చెను. కర్ర ఎచ్చట విడిచెనో చేత లేదు. తలనుండి నీరు కారుచుండెను. ముఖమున కోపము లేదు. మేలుకొనిన పిదపకూడ కలను విడువనొల్లని వాని ముఖమువలె నుండెను.

"పిలిచితివా?"

చుట్టరికము లేనివాడు పిలుచునా యను మాట దాలినాయుని నాలుకతుదకు వచ్చెను. అచ్చటనే ఆగెను.

"పిలిచితిని బావా."

"నీ కుదుపు అట్లుండదురా. నీవు కుదిపిన భుజము ఊడివచ్చును. ఇది మెత్తగా..." తవిటయ్య వంగి గొట్టమును తాకెను. "మీ అక్క కుదిపినట్లుండెను."

"ఆమె పెట్టిన గురుతే కదా. నాచేతికి ఇన్నాళ్లకు వచ్చినది."

"ఏల పిలిచితివి?"

దాలినాయుడు చుట్టును చూచెను. వ్యానులో పొట్లము కనబడెను. "రాత్రి నీవు తినలేదు" అని దానిని విప్పెను.

"ఇది దారికి కట్టుకొనినది గదా."

"ఔను."

"మరి దారిలో నీవేమి తిందువు?"

దాలినాయుడు రొట్టెను రెండుగా త్రుంచి పెద్దముక్కను బావచేత పెట్టెను. తవిటయ్య దానినట్లే పట్టుకొని "నిన్న నేననిన మాట..." అని ఆగెను.

"అదియు ఆ కారుచక్రము క్రిందనే పడి నలిగినది. విడువుము. తినుము."

తవిటయ్య కొరికి చాలసేపు నమలెను. "అడుగు మాడ్చితివిరా."

"మాయింట ఆడమగ అందరికిని అదే హస్తవాసి. పెండ్లియైన క్రొత్తలో మా అక్క మాడ్చినది నీవు మెచ్చి మెచ్చి తింటివట."

"మెచ్చకున్న మరునాడు అదియును పెట్టదేమో యని భయము" అని తవిటయ్య నవ్వెను. నవ్వుచుండగనే కన్నులు నిండెను. ముఖమునుండి కారునది పైనుండి పడిన నీరో లోనుండి వచ్చిన నీరో దాలినాయుడు తరచిచూడలేదు. లేచి మిగిలిన రొట్టెతునకను మెట్టతామరలవైపు విసరెను. ఎవరికని తవిటయ్య అడుగలేదు.

సముద్రపువైపు గోడ మధ్యాహ్నమునకు ముగిసెను. పాలకొండకు పోవలసినవాడు గోనెపట్టను చంకనిడి గొట్టమును పడమటిగోడకు త్రిప్పుచుండెను.

వారి వృత్తిలో కడిగిన గాజును గుడ్డతో తుడువరు. మలినము కలియని నీరు తనంత తానారును. ఆరినచోట మచ్చ మిగులదు. తొందరపడి తుడిచినచో చేతిగుర్తులే మిగులును. తవిటయ్య తడిచొక్కాను విప్పి పిండి చుట్టును చూచి వ్యానులోని దాలినాయుని గుడ్డలసంచిపై దానిని విప్పారపరచి ఆరవేసెను. ఆ వేళకు సముద్రపువైపు గాజులన్నియు ఆరి ఇక లేనట్లే తోచుచుండ సముద్రపువెలుగు అడ్డులేక లోనికి ప్రవేశించి ఎవరును చదువని యొక పుస్తకముపై తలవాల్చి విశ్రమించెను.