నల్లులకు అలవాటు కాని మందు

తెలుగు సంఘం అధ్యక్షుడు లక్ష్మీకాంత్‌కు తెలియని విషయం లేదు. హజీరా ఉక్కు కర్మాగారంలో పెద్ద ఇంజనీరు కాబట్టి ఇనుము నుంచి ఇతిహాసం దాకా అన్నీ ఆయనకే తెలియాలి. ఆ ఆదివారం ఆయన లింబాయత్‌లోని సంఘం హాలుకు ప్రమీల పాఠం వినడానికి వచ్చాడు. నచ్చితే తరగతి ఉంటుంది, నచ్చకపోతే ఆమె హాలు తాళంచెవి ఇచ్చేసి పోవాలి. ఈ మాట ముందే ఫోన్లో ఎంతో మర్యాదగా చెప్పాడు.

ప్రమీల మూడేళ్లుగా అమ్రోలి నుంచి రెండు ఆటోలు మారి వచ్చి, వలస వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికులకు ఓపెన్ పదో తరగతి సైన్సు చెబుతోంది. జీతం లేదు. ఇంట్లో ఆమె మాట వినేవాళ్లూ లేరు. ఇక్కడ పద్దెనిమిది మంది నోట్సు రాసుకుంటారు. ఆమెకున్నది ఈ తరగతి ఒక్కటే.

గోడ మీది బొమ్మలు చూసి, డార్విన్ సరే, పక్కన ఈ రెండో గడ్డమాయన ఎవరని లక్ష్మీకాంత్ అడిగాడు. వాలెస్ అని, అదే ఆలోచన ఆయనకూ విడిగా తట్టిందని ప్రమీల చెప్పింది. ఒకరు చాలు, తీసేయమన్నాడు. తర్వాత ఎవరూ అడగకుండానే పాఠం అందుకున్నాడు. బలమున్నవాడే బతుకుతాడని డార్విన్ చెప్పాడట. అందుకే కొందరు హజీరా చేరారట, కొందరు సాంచాల దగ్గరే ఉండిపోయారట. ఇంత తెలివితక్కువ మాటను ఇంత ధీమాగా చెప్పడానికి పెద్ద చదువే కావాలి కాబోలు అనుకుంది ప్రమీల. అయినా తాళంచెవి గుర్తొచ్చి తల ఊపింది. ఊపినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

వెనక బెంచీలోంచి నర్సింగం లేచాడు. నలభై దాటిన మనిషి, రాత్రి పాళీ డ్యూటీ దిగి నిద్ర మానుకొని వచ్చాడు. వాళ్ల గదిలో ఆరు మంచాలకు పన్నెండు మంది. పగటి పాళీవాళ్లు లేవగానే రాత్రి పాళీవాళ్లు అదే పరుపు మీద వాలతారు. మంచం చల్లారదు, నల్లులకు పస్తు లేదు. వాటి కోసం లక్ష్మీకాంత్ ఏటా ఒకే మందు పంచి, ఫొటో దిగుతాడు.

"సార్, మొదటి ఏడు మీ మందుకు నల్లులు శానా సచ్చినయ్. ఇప్పుడు జర గూడ సస్తలేవు. మీ లెక్కన గవి మాకన్న గొప్పయా?"

లక్ష్మీకాంత్ నవ్వాడు. తాగగా తాగగా వాటికి అలవాటైందని, ఈసారి రెండింతలు కొట్టమని సెలవిచ్చాడు.

నర్సింగం ప్రమీల వైపు తిరిగాడు. "మేడమ్, పోయిన ఆదివారం మీరు గిట్ల చెప్పలే. పరీక్షల ఏది రాయాలె?"

పద్దెనిమిది పెన్నులు ఆగాయి. ప్రమీల తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చెప్పిందే రాయండి. తల్లి తాగిన మందు పిల్లకు అలవాటుగా రాదు. అది డార్విన్‌కు ముందు, లామార్క్ కాలం నాటి ఊహ. మొదటి ఏడాదే ఏ నాలుగు నల్లులకో పుట్టుకతోనే ఆ మందు పని చేయలేదు. మిగతావి చచ్చాయి, ఆ నాలుగే పిల్లల్ని పెట్టాయి. అవి గొప్పవీ కావు, బలమైనవీ కావు. ఆ ఒక్క మందును తట్టుకున్నాయి, అంతే. ఏటా అదే పంచి వాటిని ఏరి పెంచింది మీరే సార్."

తగినది మిగులుతుందన్న మాట స్పెన్సర్ అనే మరో రచయితదని, డార్విన్ దాన్ని తర్వాత వాడుకున్నాడని, అందులో బలాన్ని చేర్చింది అధ్యక్షుడుగారేనని కూడా చెప్పింది. లక్ష్మీకాంత్ తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం తరగతి నర్సింగం గదిలో, మంచాల మీద జరిగింది. వాలెస్ కూడా గోడెక్కాడు. పాఠం మొదలైన ఐదు నిమిషాలకే ప్రమీలను నల్లి కుట్టింది. ఆమె చెయ్యి గోక్కుంటూ, అధ్యక్షుడుగారి పెంపకం బాగుంది, ఉదాహరణగా రాసుకోండి అంది. అందరూ రాసుకున్నారు.